రెండు బకెట్ల క్రిస్మస్

క్రిస్మస్ ముందు రోజు పొద్దున మిషనక్క వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుడు స్నానానికి వెళ్లగానే నక్షత్రాన్ని చంకన పెట్టుకుని ఎదురు బ్లాకు డాబా ఎక్కాలి. దాన్ని కట్టి, వెలిగించి, ఆయన ఒళ్లు తుడుచుకునేలోగా దిగివచ్చి, ఏమీ ఎరగనట్టు కాఫీ గ్లాసు చేతికివ్వాలి. కాఫీ తాగుతూ ఆయన కిటికీలోంచి చూస్తాడు. ఇంకెటు చూస్తాడు? సెప్టెంబరు నుంచి ఆయన చూస్తున్నది ఆ కిటికీ ఒక్కటే.

ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది కాబట్టి రెండు బ్లాకుల్లోని ముప్పై రెండిళ్లకీ ఆమె మిషనక్క. ఆమె భర్త ఫోర్‌మన్. నీటిపంపులు తయారుచేసే కార్ఖానాలో ఇరవై ఎనిమిదేళ్లు పనిచేశాడు. జూన్‌లో కార్ఖానా మూతబడింది గానీ ఆ పిలుపు మాత్రం పోలేదు. మొదట్లో వేరే పని కోసం తెగ తిరిగాడు, తర్వాత తిరగడం తగ్గించాడు, సెప్టెంబరుకి కిటికీ పక్క కుర్చీలో కూలబడ్డాడు. ఆనాటి నుంచి గడప దాటలేదు. ఏదడిగినా "ఇంకేముందిలే" అనేవాడు. స్నానానికి మాత్రం గంట పట్టించేవాడు, ఆ తర్వాత చేయడానికి వేరే పనేదీ లేదు గనక.

ఆ నక్షత్రం ఆయన చేసిందే. పదకొండేళ్ల క్రితం కార్ఖానాలో మిగిలిన సన్న కడ్డీలు ఏరి, కొలతలు తీసి, అతికి, ఐదు కొసలూ సమానంగా వచ్చేదాకా మూడుసార్లు విప్పి మళ్లీ అతికాడు. ఏటా డిసెంబరు రాగానే దానికి కొత్త తెల్లకాగితం అంటించి తనే డాబా మీద కట్టేవాడు. ఈ ఏడు దాని ఊసెత్తితే "వద్దులే, ఏం మిగిలిందని" అన్నాడు. మిషనక్కకి ఇల్లు గడవదన్న బెంగ లేదు, ఆమె మిషను ఇల్లు గడుపుతూనే ఉంది. ఆమె భయమల్లా ఆ కుర్చీ గురించే. ఈ క్రిస్మస్‌ని కూడా అందులో కూర్చునే దాటేస్తే ఆ మనిషి ఇక లేవడేమోనని ఆమెకి లోలోపల వణుకుగా ఉండేది.

ఆయనొక్కడే కాదు, ఆ ఏడాది రెండు బ్లాకుల్లోనూ ఎవరి మొహం చూసినా అలాగే ఉంది. ఎండాకాలంలో బోరు ఎండిపోయింది. లిఫ్టు ఆగిపోయింది. రెండో అంతస్తు హెడ్మిస్ట్రెస్ గారికి మోకాలి ఆపరేషనైంది. అపార్టుమెంటు సెక్రటరీ, రిటైరైన స్టేషన్ మాస్టరు, ఆగస్టులో భార్యను పోగొట్టుకున్నాడు. ఆయనే నవంబరు నెలాఖరున నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించాడు. ఈ సంవత్సరపు ఇబ్బందుల దృష్ట్యా లైట్లు, అలంకరణలు, పాటలు ఉండవని దాని సారాంశం. కింద సంతకం, ముద్ర, రైలు బయల్దేరే వేళలా నిమిషాలతో సహా టైము. ఎవరూ కాదనలేదు. కాదనే ఓపిక ఎవరికీ మిగల్లేదు.

మిషనక్క ఒక్కతే ఆ కాగితం ముందు నిలబడి రెండుసార్లు చదివింది. పక్కనే కర్ర పట్టుకుని నిలబడ్డ హెడ్మిస్ట్రెస్‌తో, "కష్టాలొచ్చాయని మనం పండగ మానేస్తే, ఇక పండగ కష్టాలకే కదా వదినా," అంది. ఆవిడ నిట్టూర్చి, నోటీసులో ఒక అక్షరదోషం చూపించి వెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి మిషనక్క పంతం పట్టింది. అటక మీద నక్షత్రం దించి చూస్తే కాగితమంతా ఎలుకలు కొట్టేశాయి. యూనిఫారాల్లో మిగిలిన ఎర్ర లైనింగు గుడ్డ తీసి, మొగుడికి వీపు చూపించి కూర్చుని, తొడుగు కుట్టేసింది. ఏం కుడుతున్నావని ఆయన అడిగితే గౌను అంది. ఐదు కోణాల గౌను ఎవరు తొడుక్కుంటారని ఆయన అడగలేదు. ఆయన చూస్తే కదా. ఐదో కొసకి గుడ్డ చాలక అది కాస్త వంకర తిరిగింది. ఆమె దాన్ని పట్టించుకోలేదు. వెలిగితే వంకర కనబడదనుకుంది.

ఇక ఎక్కడ కట్టాలన్న ప్రశ్నే లేదు. ఆయన కిటికీకి సూటిగా కనబడేది ఎదురు బ్లాకు డాబా మీద నీళ్ల ట్యాంకు పక్కనున్న ఇనప స్తంభం. రెండు బ్లాకులకీ అదొక్కటే ట్యాంకు. బోరు ఎండిపోయాక స్టేషన్ మాస్టరు ఆ స్తంభానికి ఒక ఎర్రబల్బు పెట్టించాడు. ట్యాంకులో నీళ్లు అడుగంటితే వాచ్‌మన్ ఆ బల్బు వెలిగించాలి. అది చూసి ఇంటికి రెండు బకెట్లు మాత్రం పట్టుకుని కొళాయి కట్టేయాలి. ఆరు నెలల్లో అందరూ ఎర్రలైటుకి బాగా అలవాటుపడ్డారు, రెండు బకెట్లకి మాత్రం కాదు.

పొద్దున ఆరున్నరకి మిషనక్క డాబా ఎక్కింది. స్తంభానికి ఉన్నది ఒక్కటే హోల్డరు. ఎర్రబల్బు విప్పి, కుట్టేటప్పుడు చీర మీద తొడుక్కునే పనిగౌను జేబులో వేసుకుని, ఆ హోల్డరులో మామూలు బల్బు పెట్టి, దాని చుట్టూ నక్షత్రాన్ని బిగించింది. తప్పేమో అని ఆలోచించకపోలేదు. నిన్న సాయంత్రమే ట్యాంకు నిండింది, ఇవాళ బల్బుతో పని లేదు, అయినా ఇంత నక్షత్రాన్ని చూసి బల్బనుకునేంత గుడ్డివాళ్లెవరుంటారు అని సమాధానం చెప్పుకుంది. స్విచ్చి వేసింది. నిండుగా, ఎర్రగా వెలిగింది. ఆమెకి కళ్లు చెమర్చాయి. ఆ తడిలో పడి, చుట్టూ మంచు దట్టంగా కమ్మి ఉందన్న సంగతి పట్టించుకోలేదు.

కింద నుంచి చూసేవాళ్లకి ఆ మంచులో నక్షత్రం లేదు, కొసలు లేవు. ట్యాంకు పక్కన ఎర్రటి వెలుగు మాత్రం ఉంది.

మొదట చూసింది హెడ్మిస్ట్రెస్. ముప్పై ఏళ్లు బడిగంట కొట్టించిన మనిషి, ఊరికే ఉంటుందా? ఫోన్ తీసి వరసగా అన్ని ఇళ్లకీ చెప్పింది. పండగ ముందు రోజు నీళ్లు అయిపోతున్నాయనేసరికి ప్రతి ఇంట్లోనూ ఉన్న కొళాయిలన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నాయి. మళ్లీ ఎల్లుండికి గానీ మునిసిపాలిటీ వాళ్లు కింద తొట్టిలోకి నీళ్లు వదలరు. అది అందరికీ తెలుసు.

మిషనక్క ఇంటికొచ్చి కాఫీకి పాలు పెట్టేసరికి ఆమె ఫోనూ మోగింది. "ఎర్రలైటు వెలిగింది, త్వరగా పట్టుకో," అని అవతల గొంతు. ఆరు నెలల అలవాటు మనిషిని ఆలోచించనివ్వదు. మిషనక్క చెయ్యి తనంతట తనే కొళాయి తిప్పి కుక్కరు కింద పెట్టింది. కుక్కరు నిండుతుండగా గట్టు అంచుకి జేబు తగిలి టంగుమంది. జేబులో చెయ్యి పెడితే ఎర్రబల్బు. బల్బు ఇక్కడుంటే అక్కడ వెలిగిందేమిటని ఒక్క క్షణం తెల్లబోయి, మరుక్షణం కొళాయి కట్టేసింది. అప్పటికే కొళాయి తనంతట తను ఆగిపోతోంది.

స్నానాలగదిలోంచి ఫోర్‌మన్ గొంతు వినబడింది. "నీళ్లు రావట్లేదేమిటి? నెత్తి నిండా సబ్బుంది."

మిషనక్క కుక్కరుడు నీళ్లు తలుపు సందులోంచి అందించి, కళ్లు మాత్రం కడుక్కోమని చెప్పి, మెట్ల మీద పరుగు తీసింది. ఎదురు బ్లాకు డాబా మీదికి వెళ్లి స్విచ్చి కట్టేస్తే చాలనుకుంది. కానీ ఆ మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు. ఒకింటివాళ్లు పక్కింటి నుంచి డ్రమ్ము దొర్లించుకొస్తున్నారు, పక్కింటివాళ్లు పైయింటి నుంచి పిల్లల స్నానాల తొట్టి దింపుకొస్తున్నారు. పై అంతస్తువాళ్లు తమకి చుక్క కూడా రావడం లేదని ఖాళీ బకెట్లతో కిందికి దిగుతున్నారు. అది ఎర్రలైటు కాదు, నేను కట్టిన క్రిస్మస్ నక్షత్రం అని ఆమె కనబడిన ప్రతివాళ్లకీ చెప్పింది. "ముందు నీళ్లు పట్టుకో అక్కా, క్రిస్మస్ సంగతి తర్వాత," అంటూ ఒకాయన ఆమె చేతిలో కూడా ఒక బకెట్టు పెట్టి పోయాడు.

ఈలోగా వాచ్‌మన్ ఎర్రవెలుగు చూశాడు. తను వేయకుండా ఎలా వెలిగిందా అని అతనికి అనుమానం రాకపోలేదు. కానీ స్టేషన్ మాస్టరు తనకి చెప్పకుండా వేసి ఉంటాడనీ, ఆలస్యమైతే తిట్లు తప్పవనీ అనుకుని, పరుగున వెళ్లి మోటారు వేశాడు. మోటారు తొట్టిలో నీళ్లు పైకి తోడింది. తోడినవి తోడినట్టే ముప్పై రెండిళ్లలోకి దిగిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటులా కాసేపటికి తొట్టీ ఖాళీ అయింది. నీళ్లు లేని మోటారు ఒట్టి గాలిని తోడుతూ కీచుమని అరవడం మొదలుపెట్టింది.

ఆ అరుపు స్నానాలగదిలోకి కూడా వినబడింది. ఫోర్‌మన్ ఉద్యోగం పోయిందంటే భరించాడు, ఊళ్లోవాళ్ల జాలి భరించాడు, నెత్తి మీద సబ్బు భరించాడు. ఖాళీగా తిరుగుతున్న పంపు అరుపు మాత్రం ఆయన భరించలేకపోయాడు. తువ్వాలు చుట్టుకుని, పైన స్వెట్టరు తగిలించుకుని, నెత్తి మీద తెల్లటి నురగతో మెట్లు దిగి వాకిట్లోకొచ్చాడు. "ఎవడయ్యా అది, ఖాళీ పంపు తిప్పుతున్నాడు? ఆపు ముందు," అని కేక వేశాడు.

వాచ్‌మన్ ఆపేలోపే మోటారు గదిలో ఠప్పుమంది. ఫ్యూజు పోయింది. దాంతోపాటు డాబా మీది ఎర్రవెలుగు కూడా ఆరిపోయింది.

మిషనక్క ఎదురు బ్లాకు రెండో అంతస్తు కిటికీలోంచి కిందికి చూసి అలాగే నిలబడిపోయింది. మూడు నెలలుగా గడప దాటని మనిషి వాకిట్లో నిలబడి వాచ్‌మన్‌ని తిడుతున్నాడు. ఎంత గొంతు అది. ఆమెకి ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. నక్షత్రం ఆరిపోయిందన్న దిగులు మాత్రం రాలేదు.

పావుగంటలో అందరూ మోటారు గది ముందు చేరారు. ఫోర్‌మన్ లోపల మోకాళ్ల మీద కూర్చుని మూత విప్పుతున్నాడు. స్టేషన్ మాస్టరు మెడలో పాత విజిలు, చేతిలో నోటుపుస్తకం పెట్టుకుని విచారణ మొదలుపెట్టాడు. డాబా మీదికి వెళ్లిన వాచ్‌మన్ తిరిగొచ్చి, అది ఎర్రలైటు కాదని, హోల్డరుకి ఎవరో నక్షత్రం బిగించారని చెప్పాడు. ముప్పై రెండిళ్ల కళ్లూ మిషనక్క మీదికి తిరిగాయి. ఆ నక్షత్రం ఎవరిదో తెలియనివాళ్లు అక్కడ లేరు.

"నోటీసు చదవలేదామ్మా?" అన్నాడు స్టేషన్ మాస్టరు.

"చదివాను అన్నయ్యగారూ. చదివే కట్టాను."

ఆయన పెన్ను ఆగిపోయింది. మిషనక్క జేబులోంచి ఎర్రబల్బు తీసి అందరికీ కనబడేలా పట్టుకుంది.

"దీన్ని విప్పింది నేనే. చెప్పకుండా విప్పడం నా తప్పే, ఒప్పుకుంటాను. నక్షత్రం కట్టడం మాత్రం తప్పని ఒప్పుకోను. ఈ ఏడాదంతా ఈ బల్బు వెలిగితే పరుగెత్తాం, ఆరితే కూర్చున్నాం. మన డాబా మీద వెలిగేది ఇదొక్కటేనా? ఒక్క రోజు, ఒక్కటంటే ఒక్క రోజు, ఇంకోటి వెలగకూడదా?"

ఆమె బల్బుని తిరిగి జేబులో వేసుకుంది. స్టేషన్ మాస్టరు గొంతు సవరించుకుని, అదంతా సరేగానీ ఆమె వల్ల ముప్పై రెండిళ్లకీ పండగ పూట నీళ్లు లేకుండా పోయాయని, దానికి బాధ్యులెవరో పుస్తకంలో రాయాల్సి ఉంటుందని అన్నాడు. వెనక నుంచి ఒకరిద్దరు అవునవునన్నారు.

అప్పుడు మోటారు గదిలోంచి ఫోర్‌మన్ తల ఎత్తకుండానే అడిగాడు. "ఇంటికి ఎన్ని బకెట్లు పట్టుకోవాలని రూలు, మాస్టారూ?"

"రెండు. నేనే రాశాను."

"ఎర్రలైటు నిజమైనదే అనుకుందాం. ముప్పై రెండిళ్లు, ఇంటికి రెండు. అరవై నాలుగు బకెట్లు. లెక్క ఎంత పెద్దగా వేసినా పదమూడు వందల లీటర్లు దాటవు. ట్యాంకులో ఐదు వేలు, తొట్టిలో మూడు వేలు. ఎనిమిది వేల లీటర్లు ఏమైపోయాయి?" అని, నురగ కారుతున్న మొహం బయటపెట్టాడు. "మా ఆవిడ దీపం అడిగింది రెండు బకెట్లు. మిగతావి మీ భయం అడిగింది. భయం సంగతి నాకు తెలుసు, మూడు నెలలుగా దాంతోనే కాపురం చేస్తున్నాను. మోటారుకేం కాలేదు, ఫ్యూజు మారిస్తే తిరుగుతుంది. కానీ తిరగాలంటే తొట్టిలో నీళ్లుండాలి. ఆ నీళ్లు మీ ఇళ్లలో ఉన్నాయి."

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మా ఇంట్లో రెండే అని మొదట అన్నది హెడ్మిస్ట్రెస్. ఆవిడ పక్కనే నిలబడ్డ మనవరాలు, మరి పూలకుండీలూ, ఐసు ట్రేలూ, వేడినీళ్ల సంచీ కూడా నింపాం కదా అమ్మమ్మా అని గుర్తుచేసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. పాతిక డబ్బాలు నింపినాయన నవ్వాడు, అంతలోనే తన డబ్బాలు గుర్తొచ్చి ఆపాడు. పై అంతస్తువాళ్లు ఖాళీ బకెట్లు ఎత్తి చూపించారు.

చివరికి స్టేషన్ మాస్టరు పుస్తకం మూసేశాడు. "మా ఇంట్లో పంతొమ్మిది గిన్నెలున్నాయి," అన్నాడు నేల చూస్తూ. "ఒక్కణ్ణే ఉంటాను. అయినా ఏమిటో, ఎర్రలైటు చూస్తే ఆగలేను. మా ఆవిడ ఉన్నప్పుడు ఇక చాల్లెండి అని కట్టేసేది."

ఆ మాటతో అందరి మనసూ కరిగింది. మిషనక్క ముందుకెళ్లి, "పదండి అన్నయ్యగారూ, మొదటి గిన్నె మీదే దింపుదాం," అంది.

రెండు బ్లాకుల మెట్ల మీదా మనుషులు వరసగా నిలబడ్డారు. ఏడాదంతా పలకరించుకోవడానికి కూడా ఓపిక లేనివాళ్లు చేతి నుంచి చేతికి బకెట్లు, కుక్కర్లు, పూలకుండీలు దింపుకుంటూ తొట్టిలో పోశారు. వరస ఎక్కడ ఆగినా స్టేషన్ మాస్టరు విజిలు వేసేవాడు. కాసేపటికి మోకాలు నొప్పి మర్చిపోవడానికి హెడ్మిస్ట్రెస్ ఒక క్రిస్మస్ పాట కూనిరాగం తీసింది. మూడో అంతస్తు అందుకుంది. కింది అంతస్తు శ్రుతి తప్పింది, అయినా ఆపలేదు. పాటలు వద్దని నోటీసు అంటించిన పెద్దమనిషి తనకి తెలియకుండానే విజిలుతో తాళం వేస్తున్నాడు. తెలిశాక కూడా మానలేదు. మొండిగా, ఇంకాస్త గట్టిగా వేశాడు. ఇంత పాడు సంవత్సరంలో, కడుక్కోను కూడా కడుక్కోని మొహాలతో, ఆ మనుషులంతా గొంతెత్తి పాడుతుంటే మిషనక్కకి ఆ ఏడాది మీద గెలిచినట్టనిపించింది. తగిన శాస్తి చేశాం నీకు అనుకుంది.

ఫోర్‌మన్ పంపులో నీళ్లు పోసి, గాలి పోయేదాకా తిప్పి, కొత్త ఫ్యూజు వేశాడు. మోటారు ఒక్కసారి దగ్గి, తర్వాత మెత్తగా తిరిగింది. ఆయన దాని మీద అరచెయ్యి పెట్టి కాసేపు అలాగే కూర్చున్నాడు. ఎవరో పైకి చూడమన్నారు. ఎండ ఎక్కి మంచు విడిపోయింది. డాబా మీద నక్షత్రం వెలుగుతోంది, పట్టపగలు, ఎవరి అనుమతీ లేకుండా.

ఫోర్‌మన్ బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని దాన్ని పరీక్షగా చూశాడు. నెత్తి మీద సబ్బు ఎండి జుట్టు నిక్కబొడుచుకుని ఉంది.

"గౌనన్నావు," అన్నాడు.

"ఏదో ఒకటి అనాలి కదండీ."

"ఆ ఐదో కొస ఏమిటి, అలా వంకర తిరిగింది?"

"గుడ్డ చాలలేదు."

"కొలత తీయకుండా కత్తిరిస్తే ఎందుకు చాలుతుంది? వచ్చే ఏడు నేను కొలిచి ఇస్తాను, అప్పుడు కుట్టు."

మిషనక్క ఆ వచ్చే ఏడు అన్న మాటని అలాగే లోపల దాచుకుంది. ఇంకేముందిలే అనే మనిషి నోట ఆ మాట విని ఎన్నాళ్లయిందో లెక్కపెట్టబోయి, మానేసింది. స్టేషన్ మాస్టరు బోర్డు దగ్గరికి వెళ్లి పాత నోటీసు చించేసి, కింద గట్టిగా నొక్కి ముద్ర వేసి కొత్తది అంటించాడు. లైట్లు, అలంకరణలు, పాటలు ఉండును, శ్రుతి తప్పినా అభ్యంతరం లేదు.

మర్నాడు క్రిస్మస్. ముప్పై రెండిళ్లవాళ్లూ పాడుకుంటూ తలంటుకున్నారు. ఫోర్‌మన్ అయితే రెండు రోజుల స్నానం ఒకేసారి చేశాడు. తొమ్మిదింటికి ట్యాంకు నిజంగానే అడుగంటింది. వాచ్‌మన్ రూలు ప్రకారం స్విచ్చి వేశాడు, పొద్దున్నే ఆర్పేసిన నక్షత్రం మళ్లీ వెలిగింది. అందరూ వాకిళ్లలోకొచ్చి ఎంత బాగుందో అని మెచ్చుకున్నారు, ఒక్కరూ బకెట్టు ముట్టుకోలేదు. ఎర్రబల్బు మిషనక్క జేబులోనే ఉంది.